హైమ పేరు వినగానే

మనిషి చంద్రుడి మీద ఊళ్ళు కట్టుకున్నాడు గానీ మార్చి నెలను మాత్రం వదిలించుకోలేకపోయాడు. మార్చి వచ్చిందంటే చంద్రనగరం ప్రాణవాయు శాఖలో అందరికీ గుండె దడే. ఉద్యోగుల పనితీరు మదింపు అప్పుడే జరుగుతుంది. ఎంత బాగా పనిచేసినా ప్రతి విభాగంలో ఒకరిని అట్టడుగు శ్రేణిలో వేసి తీరాలి. ఆ ఒకరు కుటుంబం ఉండే క్వార్టర్ వదిలి, ఏడాదిపాటు ఉమ్మడి గదిలో పడుకోవాలి. వరసగా రెండేళ్ళు అదే శ్రేణి వస్తే ఉద్యోగం పోయి భూమికి తిరుగు ప్రయాణం.

భూమికి అంటే ఇంటికే కదా అనుకునేరు. చంద్రుడి మీద మనిషి బరువు ఆరో వంతే. ఏళ్ళ తరబడి ఇక్కడ తేలికగా తిరిగిన ఎముకలు అక్కడి బరువు మోయలేవు. దిగిన రోజు నుంచి మంచమే.

గాలి వడపోత విభాగంలోని అయిదుగురూ దీనికో ఉపాయం కనిపెట్టారు. వంతులు వేసుకున్నారు. ఈ ఏడు నువ్వు, వచ్చే ఏడు నేను. పై అధికారి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. కిందటేడు వంతు బాషాది. అప్పుడే అతని భార్యకి నెలలు నిండాయి.

"పసిబిడ్డని వదిలి ఉమ్మడి గదిలో ఏం పడుకుంటావురా, నేను తీసుకుంటాలే" అంది హైమ. ఆవిడ చంద్రుడి మీదకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. అంతకుముందు మిగతా ముగ్గురి వంతులూ, ఏళ్ళ ఎడంతో, ఏదో ఒక ఇబ్బందికి ఆవిడే మోసింది. ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఈ ఏడు అధికారికి బదులు డాక్టర్ విరించి తయారుచేసిన మనోమాపని వచ్చింది. ఫలితం ఖరారు చేసేదీ అతనే. దాన్ని టోపీలా తలకి తొడిగి, తోటి ఉద్యోగుల పేర్లు ఒక్కొక్కటే వినిపిస్తారు. పేరు వినగానే, ఆలోచన పుట్టకముందే, మెదడులో కలిగే స్పందనను అది కొలుస్తుంది. ఆ మనిషి పక్కన ఉండాలనిపిస్తే పై అంకె. లేకుండా ఉంటే బాగుణ్ణనిపిస్తే కింది అంకె. ముఖస్తుతికీ సిఫార్సుకీ చోటు లేదు. విరించి ముందుగా తానే తొడుక్కుని అయిదు పేర్లూ విన్నాడు. అతనికి వాళ్ళందరూ కొత్త కాబట్టి ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది.

"నీకేం భయం లేదక్కా" అన్నాడు బాషా. "నీ గురించి చెడ్డగా అనుకునేవాడు ఇక్కడెవడున్నాడు?"

ఫలితం వచ్చింది. నలుగురి దగ్గరా అడుగున ఉన్నది హైమ పేరే. వరసగా రెండో ఏడు.

"పొరపాటు ఉందా?" అని విరించి యంత్రాన్ని అడిగాడు.

"లేదు. హైమ పేరు వినగానే నలుగురిలోనూ ఒకే స్పందన. ఆమె ఎదురుపడకపోతే బాగుండుననే కోరిక నమోదైంది."

బాషా ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "అక్కంటే నాకు ప్రాణం సార్. కనబడినప్పుడల్లా నేను చేసింది గుర్తొస్తది, అంతే. ఒక్కసారన్నా తిట్టుంటే పోయేది."

"మీ పాత వంతుల పద్ధతి ఈ ఒక్కసారికి ఒప్పుకుంటాను. ఆవిడ బదులు ఎవరు తీసుకుంటారు?" అన్నాడు విరించి.

ఉమ్మడి గదిలో ఒక్క ఏడాది. అంతే వాళ్ళకి నష్టం. నలుగురూ నేల చూపులు చూశారు. బాషా చెయ్యి సగం లేచింది గానీ, మెడ రుద్దుకుని దిగిపోయింది.

ఆ సాయంత్రం హైమ విరించి గదికి వెళ్ళింది. "యంత్రం కొత్తది, ఈ ఏడు లెక్కలోకి రాదని మీరొక్క మాటంటే చాలు సార్. నాకు నడవాలని ఉంది. ఇంకేం అడగను."

విరించికి జాలేసింది, నిజంగానే. కానీ ఆ ఒక్క మాటతో మనోమాపని మిగతా శాఖలకు వెళ్ళకుండా ఆగిపోతుంది. అది అతని సగం జీవితం. "చూద్దాం అమ్మా" అన్నాడు. మర్నాడు ఫలితాన్ని ఖరారు చేశాడు.

చేశాక మనసు కుదుటపడలేదు. తలుపు వేసుకుని టోపీ పెట్టుకున్నాడు. నాలుగు పేర్లకి ముల్లు మునుపటిలాగే కదల్లేదు. హైమ పేరు వినగానే జారి అడుగుకి కొట్టుకుంది. అంత కింది అంకె ఆ నలుగురిలో ఎవరి దగ్గరా రాలేదు.

ఎవరో తలుపు తట్టారు. తలుపు పక్కనున్న కెమెరా తెర మీద హైమ కనబడింది. ఎదురుచూస్తూ నిలబడి ఉంది. అతను తలుపు తియ్యలేదు. రవాణా విభాగానికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"భూమికి వెళ్ళే నౌక వచ్చే నెల కదా. అంతకంటే ముందు ఏదైనా ఉందా?"