మంచం కోడు మీద బుధవారం

బంగారుపాళ్యంలో బస్సు దిగిన నిమిషానికే భానుచందర్‌కి రెండు సంగతులు అర్థమయ్యాయి. రోడ్డు పక్క ఆగి ఉన్న స్కూటర్ తన కోసమే వచ్చింది. దాని మీద కూర్చున్న అమ్మాయి తనతో పోట్లాడటానికి వచ్చింది.

"భానుచందర్ సార్ మీరేనా?"

"నేనే."

"ఫోటోలో కంటే పొట్టిగా ఉండారే."

"ఫోటోలో బ్యాగు లేదు. ఇప్పుడు మోస్తున్నాను."

ఆమె నవ్వలేదు. హెల్మెట్ అతని చేతిలో పెట్టింది.

"కూచోండి. తోటకాడికి నాలుగు కిలోమీటర్లు. దారిలో యాడ కుళ్ళు వాసనొచ్చినా మా పేరు మీదే రాసుకోండి. మీకు అలవాటే గదా."

అతను హెల్మెట్ పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ఈ యుద్ధం అతను మొదలుపెట్టిందే.

భానుచందర్ తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రేరియన్. సెలవు దొరికితే బస్సెక్కి ఎటో పోతాడు. తిరిగొచ్చి 'పోయొస్తా' అనే తన ఫేస్‌బుక్ పేజీలో రాస్తాడు. తలకోనలో తడిసిన చొక్కా గురించి, హార్స్‌లీ హిల్స్‌లో మంచు నేరుగా గదిలోకి వచ్చేసిన పాత బంగళా గురించి, పాకాల జంక్షన్‌లో రైలు తప్పిపోవడం వల్ల దొరికిన ఇడ్లీ గురించి. లక్షమంది చదువుతారు. అతను బాగుందంటే పోతారు, బాగాలేదంటే మానేస్తారు.

మూడు వారాల కిందట అతను ఈ స్కూటర్ అమ్మాయి అమల నడిపే 'తోటిల్లు' అనే బసకు వచ్చాడు. మామిడి తోట మధ్య, ఒకప్పుడు కాయలు మాగబెట్టిన పొడుగాటి షెడ్డు. దాన్ని నాలుగు గదులుగా మార్చారు. ప్రతి మంచం కింద వరిగడ్డి పరిచి మూడు బేనిషా కాయలు పెడతారు. మంచం కోడు మీద చాక్‌పీస్‌తో ఒక వారం పేరు రాస్తారు. కాయ సరిగ్గా ఆ రోజు పండుతుంది. వచ్చినవాళ్ళు పండ్ల వాసన మీద నిద్రపోయి, పండ్లు తీసుకుని ఇంటికి పోతారు.

రోజు రాసేది అమల నాయన మునెయ్య. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు కాయను వాసన చూసి అది పండే రోజు చెప్పిన మనిషి.

భానుచందర్ పడుకున్న మంచం కోడు మీద 'ఆదివారం' అని ఉంది. శుక్రవారం పొద్దున గడ్డిలో చెయ్యి పెడితే వేళ్ళు నల్లటి గుజ్జులో దిగబడ్డాయి.

'అన్నీ బాగున్నాయి. మా మంచం కింద ఆదివారం మాత్రం శుక్రవారానికే చచ్చిపోయింది' అని రాశాడు. చదివినవాళ్ళు నవ్వుకున్నారు. అమలకు ఏడు బుకింగులు పోయాయి.

ఆ రోజుల్లో ఆమె పని మీద చిత్తూరులో ఉంది. పోయిన వారం ఫోన్ చేసింది.

"మా నాయన రోజు తప్పడు. మళ్ళీ రాండి. మీ ఎదురుగానే కాయలు పెట్టి రోజు రాస్తాడు. అది తప్పితే బోర్డు దించేసి, బెంగళూరులో పాత ఉద్యోగానికి పోతా. తప్పకపోతే మీరు అబద్ధం రాసినానని రాయాల."

"సరే."

"ఇంగొకటి. మీ రాత సంగతి మా నాయనకు తెలీదు. తెలిస్తే అన్నం తినడు. నోరు జారొద్దండి."

అందుకే ఈ సోమవారం, ఈ స్కూటర్.

హైవే దాటగానే వాన పట్టుకుంది. అమల ఆపలేదు.

"తడుస్తున్నాం," అన్నాడు.

"మీరు ముందర తడిసిన చొక్కా గురించి బాగా రాసినారు సార్. ఇంగొకసారి రాసుకోండి."

"అది చదివారా?"

అద్దంలో ఆమె పెదవి ఒక పక్కకు వంగింది. అతను అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. తోట వచ్చిన సంగతి స్కూటర్ ఆగాక తెలిసింది.

* * *

"ముందర వచ్చిన అబ్బాయివే గదా నువ్వు," అన్నాడు మునెయ్య. తువ్వాలు ఇచ్చాడు. కూతురు చెప్పగానే బుట్టలోంచి మూడు కాయలు తీశాడు. ఒక్కొక్కటి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు. తరువాత బొటనవేలితో నొక్కి, వెలుతురుకు తిప్పి, గడ్డిలో పెట్టి, మంచం కోడు మీద 'బుధవారం' అని రాశాడు.

అమల భానుచందర్ వైపు చూసింది. రాసుకో, అన్నట్టు.

ఆమె బండి తుడవడానికి బయటికి పోయింది. ముసలాయన వంటగది గుమ్మంలో నిలబడి, తిరుపతిలో వానలెట్లా ఉన్నాయని అడిగాడు. భానుచందర్ జవాబు చెప్పబోయి ఆగాడు. పాలు మాడుతున్న వాసన. ఘాటుగా, గొంతులో పట్టుకునేంత. మునెయ్య వీపు వెనకే స్టవ్. ఆయన మాత్రం హాయిగా వానల గురించి అడుగుతున్నాడు.

భానుచందర్ ఆయన్ను దాటి లోపలికి పరుగెత్తి స్టవ్ ఆపాడు. గిన్నె అడుగు బొగ్గయింది.

ఇద్దరూ గిన్నె వైపు చూశారు.

"ఎప్పటి నుంచి?" అని అడిగాడు మెల్లగా.

"ఉగాదికి ముందర జ్వరమొచ్చింది. పోతా పోతా నా ముక్కును ఎత్తుకోని పోయింది." మునెయ్య గిన్నె తీసి నీళ్ళు పోశాడు. "చేత్తో నొక్కి, రంగు సూసి రాస్తా ఉండా. నూటికి తొంభై సరిపోతా ఉండాది."

"తక్కిన పది?"

"నువ్వు. ఆ దినం కుళ్ళిన కాయలెత్తి నీ రూం తుడిచింది నేనే గదప్పా."

బయట స్కూటర్ స్టాండ్ వేసిన చప్పుడు.

"పాపకు చెప్పొద్దు," అన్నాడు మునెయ్య. "నా ముక్కును నమ్మి ఉద్యోగం ఇడిసిపెట్టి వచ్చింది. ఈ సీజనొక్కటి జరిగిపోతే నేనే చెప్తా."

అమల లోపలికి వచ్చింది. "ఏం మాడింది?"

"పాలు. నేనే చూసుకోలేదు," అన్నాడు భానుచందర్.

"వంటింట్లోకి ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

* * *

మంగళవారం పొద్దున ఆమే స్కూటర్ తీసింది. "రెండు దినాలు రూంలో కూచుంటే మంచం మీద గూడా తప్పులు పడతారు. రాండి."

మొగిలి ఘాట్ ఎక్కి, పలమనేరు దాటి, కైగల్ పక్కన దుముకురాళ్ళ దగ్గర ఆగారు. పైన కురిసిన వానంతా రాళ్ళ మీంచి కిందికి దూకుతోంది. తుంపర అమల కనురెప్పల మీద నిలబడింది. భానుచందర్ జలపాతం చూడాలన్న సంగతి మరిచిపోయాడు.

"నీళ్ళు ఆ పక్క ఉండాయి సార్."

"చూస్తున్నాను."

"ఎట్లుండాది? చెప్పండి, లక్షమంది చదివే మనిషి గదా."

అతను కళ్ళు మూసుకున్నాడు. "ముందు తడిసిన రాయి వాసన. దాని కింద నాచు. ఎవరో పచ్చికట్టెతో పొయ్యి పెట్టారు, అది వచ్చి పోతోంది. ఇంకా..."

"ఇంకా?"

"కొబ్బరి నూనె. అది చాలా దగ్గర్లో."

అమల ఒక అడుగు వెనక్కి వేసి జడ ముందుకు లాక్కుంది. ఈసారి దాచుకోకుండా నవ్వింది. "మా నాయన ఇట్లే చెప్పేవాడు. కాయ పట్టుకుంటే ముందర ఇది, తరువాత ఇదీ అని. ఈ మధ్య చెప్పడంలే. వయసైపోతా ఉండాది."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"అమలా, ఆ పోస్ట్ ఇప్పుడే తీసేస్తాను. పందెం వద్దు."

నవ్వు ఆగిపోయింది. "ఎందుకు?"

"ఊరికే."

"ఊరికేనా? అంటే రేపు మేం ఓడిపోతామని మీకు గట్టిగా అనిపిస్తా ఉండాది. జాలిపడి తీసేస్తే మా మచ్చ అట్లే ఉండిపోతాది సార్. మీ జాలి మీ బ్యాగులో పెట్టుకోండి."

తిరిగొచ్చే దారిలో ఆమె అద్దాన్ని పైకి తిప్పేసింది.

సాయంత్రం అతను గడ్డి తీసి చూశాడు. రెండు కాయలు రాళ్ళలా ఉన్నాయి. మూడోది ఒక పక్క మెత్తగా కుళ్ళుతోంది.

నిజం చెబితే పెద్దాయన తల వంగుతుంది. ఊరుకుంటే బోర్డు దిగుతుంది. మూడో దారి ఒకటే. బుధవారం తెల్లవారగానే అతను హైవే దాకా నడిచాడు. పండ్ల అంగట్లో మూడు మంచి బేనిషాలు ఏరుకున్నాడు. వాటిని గడ్డిలో పెట్టాడు, అసలు కాయల్ని తన బ్యాగులో.

ఏడున్నరకు తండ్రీకూతుళ్ళు వచ్చారు. అమల మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి తీసింది.

మూడు పండ్లు. పసిమి రంగు. గదంతా వాసన.

"ఏం సార్?" అంది, కళ్ళు మెరుస్తుండగా. "రాస్తారా ఇప్పుడు?"

"రాస్తాను. తప్పు నాదే."

మునెయ్య మాత్రం అతన్నే చూస్తున్నాడు. అమల ఒక పండు తీసి తలకిందులు చేసింది. నవ్వు మెల్లగా తగ్గింది.

"తొడిమ యాడ?"

భానుచందర్‌కు అర్థం కాలేదు.

"మా నాయన కోసే ప్రతి కాయకూ రెండు వేళ్ళంత తొడిమ ఉంటాది, కాయ మీదికి జీడి సొన కారకుండా. ఇవి మూడూ తిరుపతికి పోయి గుండు కొట్టించుకోని వచ్చినట్టు ఉండాయే." ఆమె లేచింది. "బ్యాగు తీయండి."

"అమలా..."

ఆమే తీసింది. రెండు రాళ్ళు, ఒక కుళ్ళు. మూడింటికీ తొడిమలు.

"మార్చినారు," అంది. కోపంగా మొదలైన గొంతు మధ్యలో తడబడింది. "కానీ కాయలు మార్చేవాడు గెలవాలని మారుస్తాడు. మీరు ఓడిపోవాలని మార్చినారే. ఎందుకు?"

అతను బ్యాగు మూయబోయాడు.

"చెప్పడులే పాపా," అన్నాడు మునెయ్య. "నేనే చెప్పొద్దన్నా. తప్పు నా ముక్కుది. మూడు నెలలాయ, నాకు వాసనే తెలీదు."

అమల మంచం మీద కూలబడింది. తండ్రి వైపు తిరిగింది.

"నేను సాంబారు మాడబెట్టినా ఏమీ అనకపోతే, నా మీద ప్రేమనుకున్నా నాయనా."

"అదీ ఉండాది," అన్నాడు ముసలాయన.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. స్టూలు తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. "మాటంటే మాటే. రోజు తప్పింది. బోర్డు దించుతా."

స్టూలెక్కి బోర్డు ఒక పక్క తీగ విప్పింది. బోర్డు వాలిపోయింది. రెండో తీగ మీద చెయ్యి వేసినప్పుడు వెనక మాటలు వినబడ్డాయి.

భానుచందర్ రాయిలాంటి కాయ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "పెద్దాయనా, నాకు రోజు చెప్పడం రాదు. వాసన చెప్పడం వచ్చు. చింతాకు నలిపినట్టుంది."

మునెయ్య తల తిప్పాడు. "తొడిమ కాడ సూడు. తేనె వాసనేమన్నా తగులుతా ఉండాదా?"

"ఉంది. సన్నగా."

"ఏది ముందర? తేనా, చింతాకా?"

"చింతాకు."

"కడాన కర్పూరం మాదిరి?"

భానుచందర్ కళ్ళు మూసుకున్నాడు. "లేదు... ఉంది. వచ్చి పోతోంది."

"అయితే మూడు దినాలు," అన్నాడు మునెయ్య. ఉగాది తరువాత ఆ గొంతులో అంత నమ్మకం అమల వినలేదు. "శనివారం."

ఆమె స్టూలు మీదే నిలబడి ఉంది. తీగ మీద నుంచి చెయ్యి తీసింది.

"నా బస్సు నాలుగింటికి," అన్నాడు భానుచందర్ ఆమె వైపు చూడకుండా.

"శనివారం సరిపోయిందో లేదో సూడకుండా పోయేవాళ్ళను ఏమంటారో తెలుసా?" అంది అమల. "రూం ఖాళీగానే ఉండాది. మీ పుణ్యమే గదా."

* * *

మూడు రోజులు బోర్డు వాలే ఉంది. మొదటి రోజే అమల ఆ రాత సంగతీ పందెం సంగతీ తండ్రికి చెప్పింది; ఆయన అన్నం మానలేదు. శనివారం పొద్దున గడ్డి తీస్తే రెండు కాయలూ పండ్లు. అమల ఒకటి కోసి మొదటి ముక్క తండ్రి నోట్లో పెట్టింది. రెండోది ఎవరికివ్వాలో ఆలోచించినట్టు నటించి, భానుచందర్‌కి ఇచ్చింది.

మధ్యాహ్నం అతను రాశాడు. 'ఆదివారం శుక్రవారానికే చచ్చిపోయిందని రాసింది నిజం. శనివారం మాత్రం శనివారమే వచ్చింది. తోటిల్లులో ఇకమీదట వాసన మీరు చూడాలి, రోజు మునెయ్య చెబుతారు. ఆయన ముక్కు పోయింది, విద్య పోలేదు. ఈ మాట ఆయనే రాయమన్నారు.'

మూడింటికల్లా అమల ఫోన్ ఆగకుండా మోగుతోంది. నాలుగింటికి అతను బ్యాగు భుజాన వేసుకున్నాడు.

"పోయొస్తా," అన్నాడు.

"పోయొస్తా అంటే మళ్ళీ రావాల. మీ పేజీకి పేరు పెట్టుకోని మీకే తెలీదా?"

"ఈసారి ఒక్కణ్ణే రాను. మా అమ్మ రుక్మిణమ్మను తీసుకుని వస్తాను. మీ నాయనతో మాట్లాడాలి."

అమల మొహం తిప్పుకుంది. చాక్‌పీస్ అతని చేతిలో పెట్టింది. "అయితే రాయి. నువ్వు ఏ దినం వస్తావో."

నువ్వు. ఆ ఒక్క మాట దగ్గర అతను బస్సును మరిచిపోయాడు. మంచం కోడు దగ్గర వంగి, ఏ రోజు బాగుంటుందా అని వేళ్ళ మీద లెక్కపెట్టసాగాడు.

గుమ్మంలో దగ్గు వినబడింది. మునెయ్య లోపలికి వచ్చి అతని చేతిలోంచి చాక్‌పీస్ తీసుకున్నాడు.

"ఈ దినం నేను రాస్తా. దీనికి ముక్కుతో పనిలేదు, కండ్లు చాలు."

వంగి, పెద్ద అక్షరాలతో 'ఆదివారం' అని రాశాడు.

"రేపేనా?" అన్నారు ఇద్దరూ.

ముసలాయన చేతులకంటిన సుద్ద దులుపుకున్నాడు. "మాగినాక ఇంగ గడ్డిలో పెట్టకూడదప్పా."