ఇల్కా ఊపిరి

బుడా కొండ కింద ఉన్న ఆ పాత చర్చిని రికార్డింగు హాలుగా మార్చి ఇరవై ఏళ్లయింది. అయినా రాత్రిపూట అక్కడ ఎవరూ ఒంటరిగా టేపు వినరు. వాయించినవాళ్ల కంటే ఒకరు ఎక్కువ వినబడతారట...

పిరోష్కా ఇలాంటి కబుర్లు చెవిన పెట్టే రకం కాదు. ఆమె బాధ వేరు. భర్త బెనెడెక్ వాయించే పెద్ద వయొలిన్‌లాంటి చెల్లోకి తోడుగా పదేళ్లు పియానో వాయించిన ఇల్కా పోయి మూడేళ్లయింది. అయినా సూప్ తాగుతూ కూడా, కూనిరాగం మధ్యలో ఆపి, ఆయనది అదే పాట — "ఇల్కా అయితేనా, సరిగ్గా ఇక్కడ ఆగేది." బతికున్న సవతినైతే జుట్టు పట్టుకుని దులపొచ్చు. చచ్చినదాన్ని ఏం చేస్తాం? ఇల్కా చోట ఇప్పుడు పియానో వాయించేది తనే; ఈ ఒక్క రికార్డు బయటికొచ్చి, అట్ట మీద ఆయన పేరు పక్కన తన పేరు ఉంటే చాలు ఆమెకి.

రోడ్డు మీద ఆఖరి ట్రాము వెళ్లిపోయాక ఎర్రదీపం వెలిగింది. వాయించేది ఈ శతాబ్దంలోనే రాసిన ఒక సొనాటా, పియానో చెల్లో కలిసి వాయించే రచన. మొదట కాసేపు పియానో ఒక్కటే. ఆ తర్వాత పియానో మనిషి ఊపిరి పీల్చి సైగ చేస్తే, చెల్లో అందుకోవాలి. ఒక్క టేకులో అయిపోయింది.

టేపు వెనక్కి తిప్పి పెట్టారు. పియానో... తర్వాత ఒక ఊపిరి. వెంటనే చెల్లో.

"ఆ ఊపిరి నాది కాదు," గొణిగింది పిరోష్కా.

"నీది కాకపోతే ఇంకెవరిదమ్మా?" అన్నాడు ముసలి సౌండు ఇంజనీరు డెజో.

"నేను ముక్కుతో పీలుస్తాను బాబాయ్. ఇది నోటితో..."

బెనెడెక్ కళ్లు మూసుకుని వింటున్నాడు. పెళ్లినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు లేదు. పిరోష్కాకి ఒళ్లు భగ్గుమంది.

"ఆ ఊపిరి ఉన్న ముక్క కోసెయ్యి బాబాయ్."

"ఎందుకులే తల్లీ... వినేవాళ్లకి తెలీదు."

"నాకు తెలుసు కదా!"

డెజో బ్లేడు తీశాడు. వేలెడు టేపు ముక్క నేల మీద పడింది. రెండు కొసలూ అతికించి మళ్లీ పెట్టాడు.

పియానో... పియానో... ఇంకా పియానోయే. చెల్లో రాలేదు. చివరిదాకా పిరోష్కా ఒక్కతే వాయించుకుంటూ పోయింది.

డెజో శిలువ గుర్తు వేసుకున్నాడు. బెనెడెక్ లేచి, చెల్లోని పెట్టెలో సర్దడం మొదలెట్టాడు.

పిరోష్కా మోకాళ్ల మీద కూలబడి, బల్ల కింద వెతికి, ఆ ముక్కని తెచ్చింది. 

"అతికించు బాబాయ్... నీకు దణ్ణం పెడతాను."

మళ్లీ టేపు తిరిగింది. పియానో. ఊపిరి. చెల్లో వచ్చింది! పిరోష్కా కళ్లు తుడుచుకుంది.

కానీ... ఆమె ఎప్పుడూ తొందరపడే చోటు ఒకటుంది. ఇందాక వాయించినప్పుడూ అక్కడ తొందరపడింది. ఇప్పుడు టేపులో పియానో ఆగింది. ఎంత ఆగాలో అంతే.

బెనెడెక్ మురిసిపోయి భార్య చెయ్యి నొక్కాడు.

"చూశావా, ఎన్నాళ్లకి కుదిరిందో! ఇల్కా కూడా సరిగ్గా ఇక్కడే ఆగేది."