అంచనాకందని ఎత్తు

మధ్యాహ్నం పోటు తగ్గగానే పైడమ్మ కెరటాలగోడ దిగి, చేతులకంటిన గ్రీజు తుడుచుకుని నీడపలక ముందు నిలబడింది. ఆమె అలవాట్లన్నీ నేర్చుకుని యంత్రం కట్టిన నకలే ఆమె నీడ; దాన్ని బట్టి పలక ఆమె పూట ఎలా గడుస్తుందో రోజూలాగే చదివింది. పెరుగన్నం తింటుంది. క్లబ్బులో దాలినాయుడితో చదరంగం ఆడుతుంది. ముప్పై ఒకటో ఎత్తుకు ఓడిపోతుంది. నమ్మకం నూటికి తొంభై ఎనిమిది.

పెరుగన్నం సంగతి నిజమే. ఒళ్లు మండినా అదే తింది.

పదకొండేళ్లుగా పోటునీటిని ఆపే గోడ గేట్ల గొలుసులకు గ్రీజు పూయడం ఆమె పని. గేటు నడిపే కుర్చీ కావాలని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆమె బదులు ఆమె నీడకే పరీక్ష పెట్టారు. ఉప్పెన వస్తే ఈమె తటపటాయిస్తుందని నీడ తేల్చేసింది. మనిషిని పిలిచి ఒక్క మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు. మనిషి చేసేదంతా పలకలో నమోదయ్యే చోట నీడ లెక్క తప్పని రుజువైతే మాత్రం దాన్ని కొట్టేసి మనిషికే పరీక్ష పెట్టాలని నిబంధన ఉంది. చదరంగం క్లబ్బు నమోదయ్యే చోటే.

అందుకని ఏడు నెలలుగా ఇంట్లో స్నానాలగది తలుపేసుకుని, నేలమీద సుద్దతో గళ్లు గీసి, సోడా మూతలతో తనతో తానే ఆడుకుంది. నీడ చొరబడని గది అదొక్కటే మరి. ఇంతసేపు స్నానమేమిటని మొగుడు సణిగితే, ఒళ్లంతా గ్రీజేనని చెప్పి నోరు మూయించింది.

దాలినాయుడు కెరటాలగోడ గేట్లకు పెద్ద ఆపరేటరు. క్లబ్బులో తొమ్మిదేళ్లుగా ఓటమి ఎరగడు. మంచివాడే గానీ, అందరిలాగే చెవిబిళ్ల పెట్టుకుని ఆడతాడు. ఎదుటివాళ్ల నీడను బట్టి వాళ్లు వేయబోయే ఎత్తు అది ముందే చెబుతుంది.

తెల్ల పావులు పైడమ్మవి. ఎప్పుడూ రాజు ముందరి బంటుతో మొదలుపెట్టే మనిషి, ఈసారి రాజు వైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్లు తోసింది. పక్క బల్లవాళ్లు నవ్వారు. సొంత రాజు పక్కనే గోడ పడగొట్టుకోవడం కాదూ ఇది! దాలినాయుడు మంత్రి ముందరి బంటును నడిపాడు. ఆమె శకటాన్ని ఆ ఖాళీలోకి జరిపింది. ఊరికే దొరికిన బంటును అతను చంపాడు. ఆమె ఇంకో బంటును ఎరవేసింది. చెవిబిళ్ల కిక్కురుమనలేదు. పాపం, ఆయన సొంతంగా ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచించి, దాన్నీ చంపాడు. అతని బంటు తప్పుకోగానే ఐమూల దారి తెరుచుకుంది. ఆమె శకటం అంత దూరమూ ఒక్క ఊపున వెళ్లి మూలనున్న ఏనుగు మీద పడింది. ఏనుగుకు కదలడానికి గడి లేదు.

ఇరవై ఆరో ఎత్తుకు దాలినాయుడు తన రాజును పడుకోబెట్టి ఓటమి ఒప్పుకున్నాడు.

క్లబ్బులోని నీడపలక ఒప్పుకోలేదు. ఆడింది పైడమ్మ కాదంది. వేలిముద్ర సరిపోయింది, కంటిపాప సరిపోయింది, ఎత్తులే సరిపోలేదట. ఎదుటి ఆటగాడు గుర్తింపు తేల్చాలి. అతను కాదంటే ఆట రద్దు, తొమ్మిదేళ్ల పేరు పదిలం. పైడమ్మ మళ్లీ గొలుసుల దగ్గరికే. ఇంకోసారి ఇదే ఎత్తు వేద్దామన్నా కుదరదు, ఈపాటికి నీడ నేర్చేసుకుని ఉంటుంది. ఆమెకు దాలినాయుడిని బతిమాలాలనిపించింది.

అతని జవాబును కూడా పలక ముందే లెక్కగట్టి చూపించింది. దాలినాయుడు కాదంటాడు, నూటికి తొంభై ఆరు.

ఆ అంకెను అతను రెండుసార్లు చదివాడు. చెవిబిళ్ల తీసి బల్లమీద పెట్టాడు.

"పైడమ్మే," అన్నాడు. "పదకొండేళ్ల నుంచి రోజూ సూస్తన్నాను. ఇలగ ఆడగలదని నాకూ తెల్దు. అయినా పైడమ్మే."

పలక మీది అంకెలు చెరిగిపోయాయి. ఇద్దరి నీడల లెక్కా తప్పింది గనక, ఇద్దరి పేర్ల పక్కనా ఒకే మాట వచ్చింది: అంచనా లేదు.

"మీకూ మళ్లీ పరీచ్చ పెడతారు గదా, బాబూ," అంది పైడమ్మ భయంగా.

"పెట్టనీ. నీకేటి వొచ్చిందో అది సూడు."

పలక మీద కొత్త వరుస కనిపించింది. పరీక్ష ఏ గేటు దగ్గర పెట్టమంటావని అది పైడమ్మను అడుగుతోంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆమెకు చెప్పడమే గానీ, అడగడం దానికి తెలియదు. ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పోటు అన్నిటికంటే గట్టిగా కొట్టే గేటు ఒకటుంది. ఆపరేటర్లందరూ దాన్ని తప్పించుకు తిరుగుతారు.

"ఉప్పుటేరు గేటు," అంది పైడమ్మ.