అద్దం ఊడిన శుక్రవారం

చర్చికి బయలుదేరుదామని రాజబాబు కారు తలుపు తీసేసరికి, వెనక వచ్చే బళ్ళు చూసుకునే అద్దం ఊడిపోయి గేరు పక్కన పడి ఉంది. ఆ అరబ్బు దేశంలో, మహబూలాలో వాళ్ళుండే బిల్డింగు కింద పార్కింగులో పొద్దున్నే ఉక్కపోత మొదలైంది.

“నీ పనే ఇది. మాటిమాటికీ పౌడరద్దుకుంటూ దాన్ని తిప్పేస్తావు,” అన్నాడు భార్యతో.

“నేనీ కారెక్కి ఎన్నాళ్ళయిందండీ? నైట్ డ్యూటీలకి హాస్పిటల్ బస్సులోనే పోతున్నాను కదా! మీరే దాన్ని అస్తమానూ అటూ ఇటూ తిప్పి ఊడగొట్టేరు,” అంది రత్నమణి. ఆమె నర్సు. రాజబాబు మిర్కాబ్‌లో ఒక కంపెనీకి డ్రైవరు. వారమంతా ఆఫీసు వ్యాను నడుపుతూ, పొద్దున్న పిల్లని బడిలో దింపడానికీ, శుక్రవారం సెలవునాడు చర్చికీ ఈ పాత కారు తీస్తాడు.

“వర్క్‌షాపులో అంటించుకుందాం. ఇవాళ్టికి టాక్సీలో పోదాం రండి,” అంది మళ్ళీ తనే.

“జీవితమంతా స్టీరింగ్ పట్టుకున్నోణ్ణి, ఒక అద్దం అంటించుకోలేనా?” అంటూ అతను పక్కనున్న బకాలా కిరాణా కొట్టుకి వెళ్ళి గమ్ ట్యూబు తెచ్చాడు.

డ్రైవరు సీట్లో కూర్చుని బ్లేడుతో పాత గమ్ము గీకాడు. రత్నమణి స్పిరిట్ దూదితో కారు ముందు గాజు తుడిచి పక్క సీట్లో కూర్చుంది. పదో తరగతి చదివే కూతురు జెన్నిఫర్, కారు బయట నిలబడి గాజు మీద సరిగ్గా మధ్యలో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టింది. అద్దం కాడను తగిలించే చిన్న ఇనప బిళ్ళను లోపలినుంచి ఆ గుర్తు మీద అంటించాలి. కదలకుండా నొక్కి పట్టుకోవాలి. అంతే పని.

రాజబాబు అంటించిన బిళ్ళ గుర్తుకి రెండు వేళ్ళ దూరంలో పడింది.

“డాడీ, అక్కడ కాదు.”

“నువ్వు నోర్ముయ్! గుర్తు సరిగ్గా పెట్టడం చేతకాదు గానీ!”

ఊడదీసి మళ్ళీ అంటించాడు. మళ్ళీ తప్పింది. బ్లేడు డాష్‌బోర్డు మీదకి విసిరికొట్టాడు. “గమ్ ఇవ్వు రత్నం!”

రత్నమణి ట్యూబు అతని కుడిచెంప పక్కనే పట్టుకుని ఉంది.

“ఇవ్వవేం? చెవుడా నీకు?”

ఆమె ట్యూబుని నెమ్మదిగా ఆడించింది. అతని రెప్ప కదల్లేదు. రత్నమణి ముందుకి వంగింది. చటుక్కున అరచేత్తో అతని ఎడమకన్ను మూసి, రెండో చెయ్యి ముఖం ముందు పెట్టింది.

“నా వేళ్ళెన్ని?”

“పిచ్చి పట్టిందా నీకు? చెయ్యి తియ్యి!”

“ఎన్నో చెప్పండి!”

అతను ఆమె చేతిని తోసేసి తల తిప్పుకున్నాడు. “కాస్త మసకగా ఉంటోంది. దుమ్ము పడి ఉంటుంది.”

బయట జెన్నిఫర్ ఏడుపు మొదలెట్టింది. “దుమ్ము కాదు మమ్మీ. మొన్న బడికి పోతుంటే సబా అల్ సలేం సిగ్నల్ దగ్గర కుడివైపు నుంచి సైకిలు మీద ఒకాయన వస్తే డాడీకి కనబళ్ళేదు. నేను అరిస్తే బ్రేకు వేశారు. ఆయన కింద పడ్డాడు. లేచి వెళ్ళిపోయాడు గానీ...”

“జెన్నీ!” రాజబాబు గద్దించాడు.

“నీకు చెప్పొద్దని బైబిలు మీద ఒట్టు వేయించుకున్నారు!”

రత్నమణి కారు దిగి అటువైపు తిరిగి వెళ్ళింది. ఆమె గొంతు పార్కింగంతా మోగింది. “ఒంటికన్నుతో నా పిల్లని బడికి తీసుకుపోతున్నారా? దాని చేత ఒట్టు కూడా వేయించారా? ఎవరి ప్రాణమైనా పోయుంటే ఆ ఒట్టేం చేసేదండీ? దిగండి కిందకి!”

“దిగి ఏం చెయ్యమంటావే?” అతనూ అరిచాడు. “డ్రైవరుకి కన్ను పోయిందని తెలిస్తే పనిలో పెట్టుకున్న కఫీల్ ఉంచుకుంటాడా? ఇక్కడుండే ఇఖామా కాగితం ఖలాస్! నేనొక్కణ్ణీ రాజోలు పోయి అరుగు మీద కూర్చోవాలి. మీరిద్దరూ ఇక్కడ. అదేనా నీక్కావాల్సింది?”

“నేను నర్సుని! నాకైనా చెప్పొచ్చు కదా?”

“ఎప్పుడు చెప్పాలి? టీ గ్లాసుకి చెయ్యి తగిలి ఒలికితే, ఒళ్ళు దగ్గర పెట్టుకోమన్నావు. గుమ్మానికి గుద్దుకుంటే, తాగేరా అనడిగేవు. ఇంక నోరెక్కడ వస్తుంది నాకు?”

వార్డులో ఎవరెవరి కళ్ళలోకో టార్చి వేసి చూసే మనిషి రత్నమణి. ఇంట్లో భర్త చారు కంచం పక్కన పోసుకుంటుంటే కసురుకుంది తప్ప, ఒక్కసారి కూడా అతని కళ్ళలోకి చూడలేదు. ఆ కోపం ఇప్పుడు ఆమె మీదకే తిరిగింది.

“ముందు తాళాలిలా ఇవ్వండి,” అంది. “ముబీన్‌కి ఫోన్ చెయ్యండి.”

ముబీన్ ఆఫీసులో బళ్ళు చూసే సూపర్‌వైజరు. రాజబాబు ముబీన్ నంబరు నొక్కాడు. తన కుడికన్ను కనబడటం లేదనీ, ఇక వ్యాను ఇవ్వొద్దనీ చెప్పేశాడు. సామాను గదిలో పనేమైనా ఉందేమో అడిగి చూస్తాననీ, మాట మాత్రం ఇవ్వలేననీ అన్నాడు ముబీన్.

టాక్సీలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది, కుడికన్ను ఇక రాదన్నాడు డాక్టరు. రోజూ చుక్కలు వేసుకుంటే ఎడమది దక్కుతుందన్నాడు.

మర్నాడు పొద్దున్న కారు అమ్మేద్దామని ముగ్గురూ కిందకి దిగారు. అద్దం లేని కారు ఎవరు కొంటారు? ఈసారి డ్రైవరు సీట్లో రత్నమణి కూర్చుంది. పక్కసీట్లో రాజబాబు.

“గమ్ కొంచెమే రాయి. ఆఁ, ఇప్పుడు గుర్తు మీద నొక్కు. నేను చెప్పేదాకా వదలొద్దు.”

ఆమె రెండు బొటనవేళ్ళతో బిళ్ళని నొక్కి పట్టుకుంది. రాజబాబు కిటికీలోంచి కూతురి వైపు తిరిగాడు.

“నీ చేత ఆ ఒట్టు వేయించడం నాదే తప్పు తల్లీ. భయపడిపోయాను. నన్ను క్షమించు.”

జెన్నిఫర్ కిటికీలోంచి చేతులు చాచి తండ్రి మెడని చుట్టేసుకుంది.

రత్నమణికి కన్నీళ్ళు బుగ్గల మీదికి జారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు తియ్యడానికి లేదు. “నాకింకా కోపం పోలేదండీ,” అంది వెక్కుతూ.

“పోకపోతే పోనీ. చేతులు మాత్రం కదపకు,” అని రాజబాబు ఆమె వైపు తిరిగి, తన చొక్కా చేతితో ఆ కళ్ళు తుడిచాడు.