మెయిన్ ఆపని ఇల్లు

నర్సు డ్యూటీకి బయల్దేరే హడావుడిలో ఉంది. మొగుడు ఎడమచేత్తో టీ గ్లాసు అందుకోవడం చూసి ఆగిపోయింది.

"ఆ కుడి చెయ్యి చూపించండి."

"ఏముంది చూడ్డానికి?" అన్నాడు ఎలక్ట్రీషియన్, చెయ్యి వెనక్కి పెట్టుకుంటూ.

ఆమే లాగి చూసింది. చూపుడువేలి కొసన తెల్లగా, గట్టిగా, బియ్యపుగింజంత మచ్చ.  కాలిన గాయాల వార్డులో ఇలాంటివి ఆమెకు కొత్త కాదు.

"గీజరు విప్పుతుంటే కాస్త షాక్ కొట్టింది. గోరంతను కొండంత చెయ్యకు."

"మెయిన్ ఆపారా?"

అతను టీ ఓ గుటక వేశాడు. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలోనే 'ముందు మెయిన్ ఆపండి' అని కేకేసే ఈ పెద్దమనిషి, సొంతింట్లో మాత్రం దాని జోలికి పోడు. పక్క గదిలో తల్లికి ఊపిరందించే ఆక్సిజన్ మిషన్ కరెంటుతోనే నడుస్తుంది. ఒకసారి కరెంటు పోయి ఆవిడ గిలగిల్లాడటం చూశాక, ఎవరూ ముట్టుకోకుండా ఆ స్విచ్చికి టేపు చుట్టేశాడు. మంచం పక్కన సిలిండరు ఉన్నా, గొట్టం మార్చేలోపు అమ్మ హడలిపోతుందని దాన్నీ వాడడు. ప్రేమే, కాదనలేం. బుద్ధి మాత్రం అటకెక్కించాడు.

"పైకి ఇంతే కనిపిస్తుంది. లోపల ఎంత కాలిందో కంటికి తెలీదు. మొన్నొకాయన ఇలాగే నవ్వుతూ నడిచొచ్చాడు. చివరికి రెండు వేళ్లు తీసేశారు. ఛాతీలో దడగా ఉందా?"

"కొంచెం..." అని నసిగాడు.

ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "పదండి, గుండె పరీక్ష చేయించాలి. ఎదురింటి పిన్నిగారిని అత్తయ్య దగ్గర కూర్చోబెడతాను."

"అమ్మను వదిలి నేనెక్కడికీ రాను."

"మీకేమన్నా అయితే మేమేం కావాలి?" అంటూ ఆమె అతని భుజం పట్టి లాగింది.

అంతలో పక్క గదిలో మిషన్ చప్పుడు ఆగింది. ఇద్దరూ పరుగెత్తారు. ముసలావిడ సిలిండరు గొట్టం ముక్కుకు పెట్టుకుని, నింపాదిగా కూర్చుని ఉంది.

"మిషన్ నేనే ఆపాను. ఇదంతా కోడలు ఎప్పుడో నేర్పింది. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు."

"అమ్మా, ఆ రోజు నువ్వు..."

"ఆ రోజు నేను గిలగిల్లాడింది ఊపిరందక కాదురా. చీకట్లో నువ్వు ఏడుస్తుంటే వినలేక."

అతను తల్లి ఒళ్లో తలపెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తన భయాన్నే ఇన్నాళ్లూ అమ్మ భయమనుకున్నాడు. నర్సు కళ్లు తుడుచుకుంటూ ఆటోకి ఫోన్ చేసింది.

ముసలావిడ కొడుకు తల నిమిరి, భుజం పట్టుకుని మెల్లగా అవతలికి నెట్టింది.

"తర్వాత ఏడుద్దువుగాని. నా ఊపిరి నేను చూసుకుంటాను, ముందు నీ గుండె చూపించుకో, పో."