వంతెన మీద చుట్టాలు

ఉప్పాడ తీరానికి ఎదురుగా సముద్రం మీద తేలే విమానాశ్రయం కట్టి అప్పటికి పదేళ్ళు దాటింది. విమానాలకి చోటు కావలసినంత ఉంది. చిక్కల్లా కార్లతోనే. ఒడ్డుకి చేర్చే వంతెన ఒక్కటే, అదీ అలలతో పాటు ఊగే వంతెన. అది మోయగలిగినదానికి ఒక్క కారు ఎక్కువైనా గేటు మూసేస్తారు. అందుకని అద్దె కార్లకి లైసెన్సు, వరసలో నిలబడడం, సుంకం అన్నీ పెట్టారు. సొంత కారుని యాప్‌లో పెట్టి పరాయివాళ్ళని ఎక్కించుకునేవాళ్ళకీ అదే నియమం. కార్లు వాటంతట అవే నడుస్తాయి గానీ, వంతెన మీద మాత్రం సొంతదారు లోపల కూర్చుని ఉండాలి.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. తర్వాత సొంతవాళ్ళ కోసం వచ్చే కార్లకీ అదే సుంకం వేశారు. "మా అక్కని మేం తీసుకెళ్ళడానికి సుంకమేంటి?" అని జనం ధర్నాకి కూర్చున్నాక మొదలైంది అసలు తంటా. ప్రభుత్వం తలొగ్గి, చుట్టాల కోసం, స్నేహితుల కోసం వచ్చే కార్లకి సుంకమూ లేదు, వరసా లేదు అంది. ఇంకేముంది, మర్నాటి నుంచి కాకినాడ చుట్టుపక్కల అద్దె కారన్నదే లేకుండా పోయింది. అందరూ బావమరుదులే. ఒకాయన పొద్దున జపాన్ పెద్దమనిషికి మేనల్లుడు, మధ్యాహ్నం బెంగాలీ అమ్మాయికి బాబాయి. గేటు సిబ్బంది అడిగితే వరసలు గడగడా అప్పజెప్పేవాడు.

వంతెన కమిషనర్ ఫణీంద్ర తల పట్టుకున్నాడు. డీఎన్‌ఏ పరీక్షకి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా స్నేహితుడి డీఎన్‌ఏ ఎక్కడ కలుస్తుంది? చివరికి ఆయన డాక్టర్ కనకవల్లి దగ్గరకి వెళ్ళాడు. మాటల శాస్త్రంలో ఆవిడని మించినవాళ్ళు లేరని పేరు. ఆ సంగతి ఆవిడకీ బాగానే తెలుసు.

"రక్తం దేనికండీ? గొంతు చాలు," అంది.

అలా పుట్టింది బాంధవ్యమాపకం. జనం నోట్లో అది చుట్టాల మిషన్ అయింది. కారు వంతెన ఎక్కిన దగ్గర్నుంచి ఒడ్డున గేటు చేరేదాకా లోపలి గొంతుల్ని సెన్సర్లు వింటాయి. మాటల అర్థం వాటికి అక్కర్లేదు, దాచుకోవు కూడా. ఒకరు ఆగాక ఇంకొకరు ఎంతలో అందుకున్నారు, జవాబులోంచి మళ్ళీ ప్రశ్న పుట్టిందా, ఒకరి గొంతు దిగితే రెండోవారి గొంతూ దిగిందా, ఇదే లెక్క. దీన్ని శాస్త్రంలో వోకల్ సింక్రనీ అంటారు. కనకవల్లి 'గొంతుల పొత్తు' అంది. పొత్తు కుదిరితే గేటు మీద పచ్చ దీపం వెలిగి 'చుట్టం' అని పడుతుంది. కుదరకపోతే ఎర్ర దీపం, 'అద్దె'.

చుట్టాలంటే ఎలా మాట్లాడుకుంటారో ముందు యంత్రానికి నేర్పాలి కదా. దానికోసం ఆవిడ పెళ్ళిళ్ళకి వెళ్ళే బస్సులు ఎక్కి, అందరి అనుమతీ తీసుకుని, రాజోలు నుంచి పిఠాపురం దాకా గొంతులు పట్టుకొచ్చింది. కల్తీ లేని చుట్టరికం కావాలంటే పెళ్ళివారి బస్సులోనే దొరుకుతుందని ఆవిడ నమ్మకం. ఆ బస్సుల్లో ఎవరి నోరూ మూతపడదన్న మాట నిజమే.

ఫణీంద్ర ఒక్క షరతు పెట్టాడు. "ఒక నెల చూద్దామండి. మిషన్ తప్పు చెప్పిందంటే మినహాయింపే ఎత్తేస్తాం. కన్నకూతురి కోసం వచ్చిన తండ్రి కూడా సుంకం కట్టాల్సిందే."

"తప్పు చెప్పదు," అంది కనకవల్లి.

చెప్పలేదు కూడా. దొంగ బావమరుదులు ఒక్కొక్కరే ఎర్ర దీపం కింద దొరికిపోయారు. వరసలు బట్టీపట్టి వచ్చినవాళ్ళకి వరస చెప్పాక ఇంకేం మాట్లాడాలో తెలియలేదు పాపం. ఊరంతా ఆవిణ్ణి మెచ్చుకుంటుంటే రెండు చిక్కులు వచ్చి పడ్డాయి.

మొదటిది నూకరాజు. కాకినాడ పక్కనున్న తూరంగి మనిషి, యాప్‌లో కారు పెట్టుకున్నాడు. రోజూ ఎవరెవరినో ఎక్కించుకుని వెళ్తాడు, ప్రతిసారీ పచ్చ దీపమే. కారులో ఏదో పరికరం పెట్టి యంత్రాన్ని ఏమారుస్తున్నాడని సిబ్బందికి అనుమానం.

రెండోది ఇంకా ఘోరం. చెన్నై సదస్సు నుంచి తిరిగొచ్చిన కనకవల్లిని తీసుకెళ్ళడానికి భర్త మురారి వచ్చాడు. ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో ఇంజినీరు, మెత్తటి మనిషి. గేటు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. ఆయన మారుమాట్లాడకుండా సుంకం కట్టేసి కారు ముందుకి పోనిచ్చాడు. సిబ్బంది మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకున్నారు. కనకవల్లికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ప్రయోగశాలలో యంత్రాన్ని నిలదీసింది. తీర్పుకి కారణం అడిగితే మాటల్లో చెప్పేలా దాన్ని తనే తయారుచేసింది.

"ఇరవై ఏళ్ళు కాపురం చేశాం. అద్దె అంటావా?"

"కాపురం నేను వినలేదు డాక్టరుగారూ. వంతెన మీద విన్నాను. ఒక ప్రశ్న, ఒక జవాబు. తక్కినదంతా టైర్ల చప్పుడు," అంది యంత్రం.

ఆ ప్రశ్న ఏమిటో ఆవిడకి గుర్తుంది. 'ఛార్జర్ ఉందా?' అని తనే అడిగింది.

"అలిసిపోయి ఉన్నాం. అలిసిపోతే చుట్టాలు కాకుండా పోతారా?"

"పెళ్ళివారి బస్సుల్లోనూ అలిసిపోయినవాళ్ళున్నారు. మీరు నేర్పిందే చెప్తున్నాను."

యంత్రంతో వాదించి లాభం లేదు. ముందు ఆ నూకరాజు సంగతి తేల్చాలనుకుంది. అతని మోసం బయటపడితే యంత్రం పరువు నిలుస్తుంది. మళ్ళీ విమానం దిగిన రోజు, వేరే పేరుతో అతని కారే బుక్ చేసింది.

"రండమ్మా, ముందు సీట్లో కూర్చోండి, ఎనకాల ఏసీ సరిగ్గా రాదు," అన్నాడు నూకరాజు. కారు వంతెన ఎక్కింది. "మెడ అలా పట్టుకున్నారేంటండి, నొప్పా?"

"ఆఁ, కొద్దిగా."

"ఇమానంలో పట్టేసిందా, ముందునుంచీ ఉందా?"

"ముందునుంచీ ఉంది."

"అయితే తలగడేనండి. మా ఆవిడకీ ఇంతే. ఎత్తుది ఏస్కుంటారా?"

"మా ఇంట్లో ఎత్తువే. మా ఆయనకి ఎత్తు కావాలి."

"మరి మీకోండి?"

కనకవల్లి మెడ మీంచి చెయ్యి తీసింది. తనకి ఎలాంటి తలగడ కావాలో తననెవరూ అడగలేదు. తనూ ఎప్పుడూ ఆలోచించలేదు. కిటికీలోంచి సముద్రం చూస్తూ, "పల్చటిది," అంది.

"మరి కొనుక్కోరేంటండి? సిత్రం కాపోతే," అని కోప్పడ్డాడు నూకరాజు. అక్కణ్ణుంచి మాట అతని కూతురి మీదకి మళ్ళింది. ఆ పిల్లకి లెక్కలంటే భయమట. భయం ఎక్కడ మొదలైందని ఈవిడ అడిగింది, భిన్నాల దగ్గరని అతను చెప్పాడు. భిన్నాల్ని దిబ్బరొట్టె ముక్కలతో ఎలా చెప్పాలో ఆవిడ చేతులు తిప్పుతూ వివరించింది. పరికరం కోసం వెతకాలన్న మాటే మర్చిపోయింది. గేటు మీద పచ్చ దీపం వెలిగాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

"నూకరాజూ, ఆ మిషన్ చేసింది నేనే. నిజం చెప్పు, కారులో ఏం పెట్టావు?"

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఏం లేదండి బాబూ. నా నోరు ఊరుకోదండి, ఇంట్లో కూడా తిడతారు. మడిసి పక్కన కూర్చుంటే ఏదోటి అడక్కుండా ఎలా ఉంటామండి? నా కారు తీయించేత్తారా?"

కనకవల్లి బ్యాగు తీసుకుని దిగిపోయింది.

నెలాఖరు సమావేశంలో ఫణీంద్ర సూటిగానే అడిగాడు. "మీ మిషన్ మీవారిని చుట్టం కాదంది, అద్దె మనిషిని చుట్టమంది. పెళ్ళివారి బస్సులో మాట్లాడినట్టు రోజూ ఎవరు మాట్లాడతారండీ? ఓడిపోయిందని రాసేద్దామా?"

'రాసేయండి' అంటే తన పరువుతో పాటు ఊరందరి మినహాయింపూ పోతుంది. 'వద్దు' అంటే ఇంటి గుట్టు తనే బయట పెట్టుకోవాలి. కనకవల్లి లేచి నిలబడింది.

"మిషన్ ఎక్కడా తప్పు చెప్పలేదు. వంతెన దాటేంతసేపూ నూకరాజూ నేనూ చుట్టాలమే. మా ఆయనా నేనూ కాదు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. అలాగని కొలత మార్చలేను. పచ్చ దీపం ఎవరికి వెలిగితే వాళ్ళే చుట్టాలని చట్టం రాయండి."

"అందరూ నూకరాజులైపోతే వంతెన గతేంటండీ?"

"మీరేం దిగులుపడకండి. అంతమంది ఉండరు," అంది.

ఉండలేదు. చట్టం వచ్చింది, వంతెన కుదుటపడింది, అద్దె కార్లు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. కాకపోతే ఎర్ర దీపం కింద ఆగినవాళ్ళలో అసలు మొగుడూపెళ్ళాలూ, అసలు తండ్రీకొడుకులూ కూడా కోకొల్లలు. ఈసారి ధర్నాకి ఎవరూ రాలేదు. మేం మా ఇంట్లోవాళ్ళతో మాట్లాడం అని బోర్డు పట్టుకుని రోడ్డు మీద ఎవరు కూర్చుంటారు?

ధర్నాకి బదులు మనవాళ్ళు ఎప్పుడూ చేసే పనే చేశారు. కాకినాడ భానుగుడి జంక్షన్‌లో కోచింగ్ సెంటర్ వెలిసింది. చుట్టాల్ని చుట్టాలుగా పాస్ చేయించే సెంటర్. మెటీరియల్, మాక్ టెస్టులు, ఫెయిలైనవాళ్ళకి క్రాష్ కోర్సు. గురువుగారు నూకరాజు. కారు తిప్పడం మానేసి నున్నగా గడ్డం గీసుకుని, అల్లుళ్ళకీ అన్నదమ్ములకీ ప్రశ్న మీద ప్రశ్న ఎలా వేయాలో నేర్పుతున్నాడు.

కొన్నాళ్ళకి కనకవల్లి సింగపూర్ నుంచి వచ్చింది. మురారి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. అదే కొత్త. కారు వంతెన ఎక్కగానే, "మెడ ఎలా ఉంది కనకా?" అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడి చూసింది. "పర్వాలేదండీ."

"పర్వాలేదంటే తగ్గినట్టా, ఓర్చుకుంటున్నట్టా? అక్కడ తలగడ ఎలాంటిదిచ్చారు? పల్చటిదేనా? సదస్సులో ఎవరైనా అడ్డంగా వాదించారా?"

వాదించారు. ఆ మాట ఎవరికైనా చెప్పుకోవాలని విమానంలో అంతసేపూ అనుకుంటూనే ఉంది. చెప్పింది. ఆయన నవ్వాడు, నవ్వి మళ్ళీ అడిగాడు. ఆవిడకి పెళ్ళయిన కొత్తలో ద్రాక్షారామం వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ చెప్తూనే ఉంది. గేటు మీద పచ్చ దీపం వెలిగింది. చుట్టం.

"తర్వాత ఆ వాదించినాయన నా దగ్గరకొచ్చి ఏమన్నాడో తెలుసా?" అంది కనకవల్లి.

మురారి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వార్తలు పెట్టుకుంటున్నాడు.

"ఏమండీ?"

"గేటు దాటేశాం కదా కనకా," అన్నాడు ఆయన, ఏ కపటమూ లేకుండా. "నూకరాజుగారి బ్యాచ్‌లో నేనే ఫస్టు."

కారు ఉప్పాడ రోడ్డెక్కింది. అటూ ఇటూ ఎండుచేపలు ఆరబెట్టుకునే చాపలు, వల బాగుచేసుకుంటున్న మనుషులు. కనకవల్లి ఆయన వైపు తిరిగింది.

"కారు వెనక్కి తిప్పండి. విమానాశ్రయంలో ఒకటి మర్చిపోయాను," అంది.

"ఏం మర్చిపోయావు?"

"తిప్పండి. వంతెన మీద చెప్తాను."