ఒటీలియా టీచరు బడి

కెటిల్ వాగు ఒడ్డునున్న పాత బడికి మంచి పేరు లేదు. చీకటి పడితే అటువైపు ట్రక్కులు కూడా బ్రేకు మీద కాలు పెట్టవు.

ఎనభై ఏళ్ళ కిందట, మంచు తుఫాను రోజున, ఒటీలియా టీచరు పిల్లలందర్నీ ఇళ్ళకు చేర్చి, ఒకడు తక్కువయ్యాడని వెతకబోయి మళ్ళీ రాలేదట. ఆ ఒక్కడూ అప్పటికే ఇంట్లో దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడట... వాడి సంగతి వదిలేయండి. ఆవిడ మాత్రం మహా చండశాసనురాలు. అల్లరి చేస్తే రెండు చేతులూ పైకెత్తించి నించోబెట్టేది. మరీ మితిమీరితే మూలకు పంపి, గోడకు మొహం పెట్టించేది.

ఫిబ్రవరి వచ్చిందంటే ఆ బడిలోంచి ఆడమనిషి కేక వినిపిస్తుంది. నేను వినలేదు. విన్నవాళ్ళు నాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు, అది చాలు నాకు.

వన్యప్రాణి శాఖవాళ్ళు వచ్చి నవ్వారు. అది దెయ్యం కాదు, ఆడ కొండసింహం, అంటే ప్యూమా అనే జూలు లేని పెద్దపిల్లి, మగదాన్ని పిలుస్తోందని వివరించారు. దాంతో జనానికి దెయ్యం భయం పోయి సింహం భయం పట్టుకుంది. కొందరికి రెండూ పట్టుకున్నాయి.

అసలు కొండల్లో సింహాలెన్నో ఎవరికీ తెలీదు. ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు పెడితే వేటకుక్కలవాళ్ళు అరవై అన్నారు, పట్నం నుంచి వచ్చిన జంతుప్రేమికులు ఆరు అన్నారు. శాఖవాళ్ళు మూడేళ్ళు పరిశోధించి, నాలుగుకు తగ్గవు, నలభైకి మించవు అని తేల్చారు. కాల్చాలా, కాపాడాలా అని అర్ధరాత్రి దాకా కొట్టుకుని, చివరికి అందరూ కలిసి ఒక కాగితం అచ్చేయించారు.

‘సింహం ఎదురైతే’ అని దాని పేరు. అయిదు సూచనలు. పరిగెత్తకు. వంగకు. కళ్ళలోకి చూడు. కోటు తలపైకెత్తి పెద్దగా కనిపించు. గొంతు పెంచి, ‘నేను మనిషిని, వెనక్కి పో’ అను. ఆ ఊళ్ళో ఆ కాగితం అంటించని ఫ్రిజ్ లేదు.

వెర్లా ఫ్రిజ్ మీదా ఉంది. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి, ఇప్పుడు మేకలు పెంచుకుంటోంది. ఆ చలికాలంలోనే రెండు మేకలు పోయాయి. శాఖనుంచి లైల్ అనే కుర్ర ఆఫీసరు టేపు పట్టుకొచ్చి, పంటి గాట్లు కొలిచి, ‘సింహం కావచ్చు, కుక్కా కావచ్చు’ అని రాసుకుపోయాడు. మిగిలిన మేక డచెస్ ఒక్కతే. నిండు చూలాలు. ఇదీ పోతే కొట్టానికి తాళం వేసేస్తానని వెర్లా తనలో తనే ఒట్టు పెట్టుకుంది.

ఫిబ్రవరి రెండో వారం, రాత్రి ఏడు. బయట చిమ్మచీకటి. దొడ్డి తలుపు తెరిచి ఉంది... డచెస్ లేదు.

మంచులో గిట్టల గుర్తులు తిన్నగా వాగువైపు పోయాయి. వెర్లా టార్చి పట్టుకుని వాటి వెంట నడిచింది. గుర్తులు ఎక్కడ ఆగాయో చూసి ఆమె కాళ్ళూ ఆగిపోయాయి.

పాత బడి గుమ్మం.

వెనక్కి తిరిగేదే. కానీ లోపల్నించి సన్నగా, నీరసంగా మేక అరిచింది. దాని గొంతు వెర్లాకి తెలీదా! గుండె దిటవు చేసుకుని లోపలికి అడుగేసింది.

ఎదురుగా... ఏదో నిలబడి ఉంది.

నల్లగా, ఏడడుగుల ఎత్తున, రెక్కలు విప్పుకుని. వెర్లా చేతిలోంచి టార్చి జారిపడి ఆరిపోయింది. తీసుకుందామంటే వంగాలి. వంగకూడదని రెండో సూచన.

ఇక ఆలోచించలేదు. కోటు రెండు అంచులూ పట్టుకుని తలపైకెత్తింది. బస్సులో వెనక సీటు పిల్లల్ని అదిలించే గొంతు తీసింది.

“నేను మనిషిని. వెనక్కి పో.”

తర్వాత చీకట్లోంచి బొంగురుగా...

“నేను మనిషిని... వెనక్కి పో.”

అది సింహం కాదు. మనిషీ కాదు. మనిషైతే నేను మనిషినని చెప్పుకుంటాడా ఎక్కడన్నా! ఆమె మళ్ళీ అంది. అదీ మళ్ళీ అంది. పరిగెత్తకూడదు, కళ్ళు తిప్పకూడదు. అలా ఎంతసేపు నించున్నారో... చేతులు లాగేస్తున్నాయి. మూలన మేక మూలుగుతోంది. దాన్ని వదిలేసి పోవడానికి ఆమెకి మనసొప్పలేదు.

అప్పుడు వినిపించింది కేక.

గదిలోనే. చెవి పక్కనే. ఆడమనిషి గొంతు, కోపంగా, ఒక్కటే ఒక్క కేక. కిటికీలో మిగిలిన గాజుముక్కలు గలగలమన్నాయి.

ఎదుటి ఆకారం గుసగుసగా అడిగింది. “ఆరో సూచన ఏంటి?”

“ఆరోది లేదు,” అంది వెర్లా, అంతకంటే మెల్లగా. “అయిదే వేశారు.”

“అవును... కాగితం చాలక అయిదే వేశాం.”

వేశాం. ఆ మాట వినగానే వెర్లా చేతులు దించేసింది. “ఒరేయ్ లైల్! నువ్వట్రా?”

లైలే. కేక సంగతి తేల్చడానికొచ్చి, గుమ్మం పైన లోపలివైపు కెమెరా అప్పుడే బిగించాడట. చీకట్లో కూడా నిమిషానికో ఫొటో తీసే కెమెరా. అడుగుల చప్పుడు విని కోటు ఎత్తాడట. అతని టార్చీ కాళ్ళ దగ్గర సంచిలోనే ఉందిట. వంగలేదు. ఆ కాగితం రాసింది అతనేగా మరి.

సిగ్గుపడుతూ, తిట్టుకుంటూ ఇద్దరూ లైటు వేసి చూస్తే, పాత పొయ్యి వెనక డచెస్. పక్కన తడి ఆరని రెండు పిల్లలు. వెర్లా ఏడ్చేసింది. మరి దేనివైపూ లైటు వేయకుండా మేకను లైల్ ఎత్తుకుని, పిల్లల్ని ఆమె కోట్లో దాచుకుని, వెనక్కి చూడకుండా వచ్చేశారు.

మర్నాడు లైల్ వెళ్ళి కెమెరా తెచ్చాడు. వెర్లా వంటింట్లో, కాఫీ ముందు కూర్చుని ఫొటోలు చూశారు.

మొదటి దాంట్లో ఇద్దరూ ఎదురెదురుగా చేతులెత్తి, శిక్ష పడ్డ పిల్లల్లా ఉన్నారు. వెర్లా పకపకా నవ్వింది. రెండో ఫొటోలో నవ్వు ఆగింది. లైల్ వెనకాల, టీచరు అరుగు మీద, రెండు కళ్ళు మెరుస్తున్నాయి.

కొండసింహం. పొయ్యి వైపే చూస్తోంది. మూడో ఫొటోకి అరుగు దిగింది. తర్వాత్తర్వాతి వాటిల్లో పొట్ట నేలకి ఆనించి ఒక్కో అడుగే. పదహారో ఫొటోలో డచెస్‌కి ఒక్క దూకు దూరం.

పదిహేడోది కేక వినపడ్డ నిమిషం.

సింహం మూలన ఉంది. కూర్చుని, తోక కాళ్ళ కింద దోపుకుని, గోడకు మొహం పెట్టి.

పద్దెనిమిదిలోనూ అంతే. వీళ్ళు మేకను తీసుకుపోయాకా అంతే. పొద్దున తెల్లారేదాకా అది తల తిప్పలేదు.

“ఆ కేక ఆడసింహానిదేనంటావా, లైల్?” అని అడిగింది వెర్లా. లైల్ పదిహేడో ఫొటో మళ్ళీ తెరిచాడు.

ఆ తర్వాత వాగుకి ఇవతల ఒక్క మేక కూడా పోలేదు. ఆ ఏడాది నివేదికలో శాఖవాళ్ళు ఆ ఘనతంతా కాగితానికే కట్టబెట్టి, ఇంకో పదివేల ప్రతులు అచ్చుకిచ్చారు. సింహాలు అరవయ్యా, ఆరా అని మీటింగులో ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

వెర్లా మీటింగులకి వెళ్ళదు. ఆమె ఫ్రిజ్ మీది కాగితంలో మాత్రం అయిదో సూచన కింద పెన్సిలుతో ఇంకోటి రాసి ఉంది.

‘ఆరు. టీచరుగారు సరేననేదాకా చేతులు దించకు.’